దండెమా, ఫైలా: ఇంట్లో చదువుకునే పిల్లల బొమ్మలు

బడికి పంపకుండా ఇంట్లోనే చదివించే మా వంటి కుటుంబాల్లో, పిల్లల బొమ్మలను హాలులో దండెం కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీయాలా, తేదీ వేసి ఫైలులో దాచాలా అన్న ప్రశ్న తరచూ వస్తుంది.

దండెం మీది బొమ్మ రోజువారీ జీవితంలో కలిసిపోతుంది. మా ఏడేళ్ల అమ్మాయి అన్నం తింటూ తన కొబ్బరిచెట్టును తలెత్తి చూసి, "కాయలు మట్టలకు కాదు, గెలకు కాస్తాయి కదమ్మా" అని తన తప్పు తానే పట్టుకొని, చేయి కడుక్కోగానే మళ్లీ గీసింది. నేను ఎంత చెప్పినా రాని పరిశీలన అది. అయితే ఎండ తగిలే గోడ మీద స్కెచ్ పెన్ రంగులు త్వరగా వెలిసిపోతాయి.

ఫైలులో రంగు నిలుస్తుంది కానీ, క్రేయాన్ మైనం పక్క కాగితానికి అంటకుండా మధ్యలో బటర్ పేపర్ పెట్టాలి. ఎ4 కంటే పెద్దదైన చార్టును మడవక తప్పదు. బడికి వెళ్లకుండా చదివేవారికి పరీక్షలు జరిపే జాతీయ సార్వత్రిక పాఠశాల సంస్థ (ఎన్‌ఐఓఎస్) పదో తరగతిలో చేరడానికి 14 ఏళ్లు నిండాలి కనుక, అంతవరకు మార్కుల జాబితా లేని పిల్లల ఎదుగుదలకు తేదీలున్న ఆ బొమ్మలే విలువైన ఆధారం.

నా మొగ్గు మాత్రం దండెం వైపే. నెల తిరిగాక ఏది ఫైలులోకి వెళ్లాలో అమ్మాయే ఎంచుతుంది.