స్టోరీవీవర్ తెలుగు బొమ్మల కథలు: గ్రంథాలయంలో పిల్లల ముందు చదవడానికి ఎంతవరకు పనికొస్తాయి?

వేసవి శిబిరాలప్పుడూ, నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాలప్పుడూ మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఒక్కసారే ఇరవైమంది వచ్చి చాపమీద కూర్చుంటారు. వాళ్లందరికీ కనిపించే బొమ్మల పుస్తకం అప్పుడు చేతిలో ఉండాలి. కొనే స్తోమత లేని శాఖా గ్రంథాలయాలకు, పిల్లల పుస్తకాల సంస్థ ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్ గొప్ప ఆసరా. తెలుగు కథలు ఉచితంగా దించుకోవచ్చు. రచయిత, చిత్రకారుల పేర్లు చెప్పి ఎవరైనా వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉన్నాయి గనక అచ్చు వేసుకున్నా ఎవరూ అడగరు. కానీ దించుకున్నదల్లా గుంపు ముందు పనిచేయదు. ఎంపికలోనే ఉంది కష్టమంతా.

సైట్‌లో కథలకు నాలుగు స్థాయులున్నాయి. మొదటిది 250 పదాల లోపు, రెండోది 600 దాకా, మూడోది 1500 దాకా, ఆపైన నాలుగోది. ఇవి పిల్లలు తమంతట తాము చదువుకోవడానికి పెట్టిన కొలతలు, వినడానికి కాదు. పెద్దవాళ్లు చదివి వినిపిస్తే నాలుగేళ్ల పిల్ల రెండో స్థాయి కథను హాయిగా వింటుంది. పైగా పదాల లెక్క తెలుగులో తప్పుదారి పట్టిస్తుంది. ‘వెళ్లిపోతున్నాడనుకుంది’ అన్నదీ లెక్కకు ఒక్క పదమే. అందుకని స్థాయి చూడకుండా పేజీకి ఎన్ని వాక్యాలున్నాయో చూడండి. రెండు మూడు ఉంటే సరి. ఐదు దాటితే, మీరు చదవడం పూర్తయ్యేలోపే పిల్లల కళ్లు బొమ్మ మొత్తం చూసేసి కిటికీ వైపు తిరుగుతాయి.

ఇక భాష. చాలా కథలు అనువాదాలు, వాటిలో మంచిచెడ్డలు రెండూ ఉన్నాయి. ‘అతను తన అమ్మతో కలిసి తన ఇంటికి వెళ్లాడు’ అనే వాక్యంలో తప్పేమీ లేదు, కానీ ఏ అమ్మమ్మా కథ అలా చెప్పదు. ‘అమ్మతో ఇంటికెళ్లాడు’ అంటే చాలు. ముందురోజే కథను ఒకసారి గట్టిగా చదవండి. నాలుక మూడుచోట్ల తడబడితే పెన్సిలుతో దిద్దుకోండి, ఆరేడుచోట్ల తడబడితే పక్కన పెట్టేయండి. చప్పుళ్లను మాత్రం తప్పకుండా సరిచూసుకోవాలి. కప్ప నీళ్లలో దూకితే ‘స్ప్లాష్’ అని ఉన్నచోట ‘బుడుంగు’ అనండి. రెండోసారి వచ్చేసరికి పిల్లలే ముందుగా అనేస్తారు. ఒకే మాట మళ్లీమళ్లీ వచ్చే కథల బలం ఇదే. మూడేళ్లవాళ్లకు ఇంతకంటే మంచి ఎంపిక లేదు.

బొమ్మలను ఫోన్ తెరమీద చూసి నిర్ణయించవద్దు. ఒక పేజీ ఎ4 సైజులో తీసి గోడకు అంటించి, పదడుగుల దూరం నుంచి చూడండి. ఎవరు ఏం చేస్తున్నారో అర్థం కాకపోతే అది గుంపుకు తగదు. కిక్కిరిసిన సంత బొమ్మ ఒళ్లో కూర్చున్న ఒక్క పిల్లకు పండగే, చివరి వరసలోని పిల్లకు మాత్రం మచ్చలగుంపు. పలుచని నీటిరంగులు అచ్చులో వెలిసిపోతాయి. చీకటి రాత్రి బొమ్మలు మామూలు కలర్ జిరాక్సులో నల్లగా ముద్దకట్టేస్తాయి.

అచ్చు వేయించేటప్పుడు ఎక్కువ రిజల్యూషన్ ఉన్న పీడీఎఫ్ దించుకోవాలి. చిన్న ఫైలును ఎ4కి రెట్టింపుండే ఎ3కి పెంచితే గీతలు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. గుంటూరు అరండల్‌పేటలోగానీ బెజవాడ గవర్నర్‌పేటలోగానీ ఎ3 కలర్ ప్రింట్ తీసే షాపులో మందపాటి కాగితంమీద, ఒకవైపే వేయించండి. పుస్తకంలా కుట్టించకండి, విడి అట్టలుగానే ఉంచండి. మొదటి బొమ్మకు సంబంధించిన మాటలు ఆఖరి అట్ట వెనక, రెండో బొమ్మ మాటలు మొదటి అట్ట వెనక, మూడోవి రెండో అట్ట వెనక అంటించాలి. ముందున్న అట్టను తీసి వెనక్కి పెట్టగానే తర్వాతి బొమ్మ పిల్లలకు, దాని మాటలు మీకు ఎదురుగా వస్తాయి. మెడ తిప్పి చదవక్కర్లేదు, పిల్లల ముఖాలు చూస్తూ చదవొచ్చు. వరస తారుమారైతే కథంతా చెడుతుంది, అందుకే మూలన అంకె వేయండి. లామినేషన్ మెరుపు లేనిదే అడగండి. మెరిసేదానిమీద ట్యూబులైటు పడితే సగంమందికి బొమ్మ కనబడదు. రచయిత, చిత్రకారుల పేర్లు, లైసెన్సు వివరాలు ఉండే ఆఖరి పేజీని తప్పకుండా జతచేయాలి. మాటలు మార్చి అచ్చు వేస్తే ఆ సంగతీ అక్కడే రాయాలి.

ప్రొజెక్టరు తేలికే, కానీ దీపాలార్పగానే చిన్నపిల్లలు బెదురుతారు, చదివేవాళ్ల ముఖం కనబడదు. నలభైమంది దాటితేనే ఆ దారి పట్టండి.

కొనగలిగితే అచ్చు పుస్తకాలే మేలు. పిల్లల పుస్తకాల ప్రచురణ సంస్థ తూలిక వారి తెలుగు–ఇంగ్లీషు పుస్తకాలు, నేషనల్ బుక్ ట్రస్ట్ నెహ్రూ బాల పుస్తకాలయం వరుస చూడదగ్గవి. రెండు భాషల పుస్తకంలో గుంపు ముందు తెలుగు ఒక్కటే చదవండి, రెండూ చదివితే కథ నడక ఆగుతుంది. విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళితే విప్పి చూసి కొనొచ్చు. నడిమి పేజీల్లో ఏనుగు ముఖం మడతలో పడిందేమో చూడండి. పిన్ను కొట్టిన పుస్తకం బల్లపరుపుగా తెరుచుకుంటుంది. జిగురు బైండింగ్ తెరుచుకోదు, బలవంతంగా విరిస్తే పేజీలు ఊడతాయి.

మూడేళ్ల లోపు పిల్లలకు ఈ అట్టలు వద్దు. నోట్లో పెట్టుకుంటారు, లామినేషన్ అంచులు పదునుగా ఉంటాయి. వాళ్లకు దళసరి అట్ట పుస్తకాలు, అవీ మూలలు గుండ్రంగా ఉన్నవే ఇవ్వాలి.