శిక్ష ఎక్కువైందా: తప్పు దొరికితేనే మార్చాలా, మళ్లీ మొదటినుంచి తూచాలా?

పదేళ్ల వరకు శిక్ష పడగల నేరంలో కింది కోర్టు ఏడేళ్లు వేసింది. అప్పీలు వింటున్న న్యాయమూర్తికి ఆరేళ్లు చాలనిపించింది. తగ్గించవచ్చా?

ఆస్ట్రేలియాలో ఆ ఒక్క కారణం సరిపోదు. హౌస్ వర్సెస్ ది కింగ్ (1936) తీర్పు ప్రకారం ముందు తప్పు చూపాలి: తప్పుడు సూత్రం పట్టుకున్నారు, సంబంధం లేనిది లెక్కలోకి తీసుకున్నారు, వాస్తవాల్లో పొరబడ్డారు, చూడాల్సింది వదిలేశారు. ఇవేవీ పైకి కనబడకపోయినా శిక్ష మరీ అన్యాయంగా ఉంటే, లోపల ఎక్కడో తప్పు జరిగిందనే అనుకుంటారు. ఇంగ్లండులోనూ అడిగేది శిక్ష స్పష్టంగా మితిమీరిందా, సూత్రానికే విరుద్ధమా అనే.

భారత్‌లో అధికారం విశాలం. క్రిమినల్ కేసులు నడిచే పద్ధతి చెప్పే చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత. అందులోని 427వ సెక్షన్ శిక్ష స్వభావాన్నీ పరిమాణాన్నీ మార్చనిస్తుంది. ఎంత తేడా ఉంటే మార్చాలో మాత్రం చెప్పదు. జాలి చూపాల్సిన కేసులో ఇది మంచిదే. కానీ ‘ఇప్పటికే అనుభవించిన కాలానికి శిక్ష కుదించడమైనది’ అన్న ఒక్క వాక్యంతో ముగిసే తీర్పులూ దీనివల్లే వస్తాయి. ఒకే రకం నేరానికి బెంచి మారితే శిక్ష మారిపోతే, అది ముద్దాయికీ బాధితుడికీ ఇద్దరికీ అన్యాయం.

అందుకే ముందు తప్పు చూపాలనే మొదటి పద్ధతే మేలంటాను, ఒక షరతుతో. తప్పు తేలాక కింది కోర్టు అంకెను పట్టుకు వేలాడకూడదు. ఆయుధం వాడటమే నేరంలో భాగమైనప్పుడు, ఆయుధం వాడాడని మళ్లీ శిక్ష పెంచారనుకోండి. అప్పుడు పైకోర్టు మొత్తం తానే కొత్తగా తూచాలి. ఆస్ట్రేలియాలో 2014 నుంచి ఈ సంగతి స్పష్టం. కెనడాలో ఆ తప్పు శిక్షపై ప్రభావం చూపి ఉండాలన్న మెలిక ఉంది.

తప్పుకీ అభిప్రాయభేదానికీ తేడా కెనడాలోనే 2015లో బాగా తేలింది. తాగి కారు నడిపి ఇద్దరి ప్రాణాలు తీసిన కేసులో ఆరున్నరేళ్లు పడింది. అప్పీలు కోర్టు నాలుగేళ్లకు తగ్గించింది. సుప్రీంకోర్టు మళ్లీ ఆరున్నర చేసింది: మామూలుగా వేసే శిక్షల పరిధి దాటడం దానంతటదే తప్పు కాదంది.

పెంచే విషయంలో మాత్రం భారత్‌లోనూ ఇంగ్లండులోనూ ముద్దాయికి రక్షణ ఉంది. తాను వేసిన అప్పీలులో మొత్తం మీద అతని శిక్ష పెరగదు. భారత్‌లో పెంచమని ప్రభుత్వం అదే సంహిత 418వ సెక్షన్ కింద వెళ్లాలి. అలా వెళితే ముద్దాయి తగ్గింపే కాదు, విడుదల కూడా అడగవచ్చు. శిక్ష తక్కువైందని బాధితుడు నేరుగా అప్పీలు వేయలేడు. ఇంగ్లండులో నిర్దిష్ట నేరాలకు, శిక్ష మరీ తక్కువైందని అప్పీలు కోర్టుకు పంపమని ఎవరైనా ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి అయిన అటార్నీ జనరల్‌ను అడగవచ్చు, గడువు 28 రోజులు. బాధితుడికి దారి చూపడంలో ఇంగ్లండే ముందుంది.

ఏ పద్ధతిలోనైనా ‘శిక్ష ఎక్కువ’ అని రాసి ఊరుకుంటే అప్పీలు నిలవడం కష్టం. కింది కోర్టు శిక్ష కారణాలు రాసిన పేరా తీసి, అందులో ఏ అంశం రెండుసార్లు లెక్కపడిందో, రిమాండులో గడిపిన రోజులు మినహాయించారో లేదో, వేర్వేరు శిక్షలు ఏకకాలంలో నడవాలన్నారో ఒకదాని తర్వాత ఒకటన్నారో చూపాలి. భారత్‌లో హైకోర్టుకైతే 60 రోజుల్లో, సెషన్స్ కోర్టుకైతే 30 రోజుల్లో దాఖలు చేయాలి. మరణశిక్షపై హైకోర్టుకు వెళ్లినా గడువు 30 రోజులే.