క్వారీ గోడల మధ్య ఎల్1–ఎల్5 రిసీవర్: చాన్నాళ్లు వాడాక

నాలుగు వేర్వేరు నావిగేషన్ వ్యవస్థల ఉపగ్రహాలను పట్టడం ఇప్పుడు ఫోన్లకూ వచ్చిన విద్యే. ఈ సర్వే రిసీవర్ బోర్డు ఎల్1, ఎల్5 అనే రెండు ఫ్రీక్వెన్సీల్లో ఉపగ్రహ సిగ్నళ్లను అందుకుంటుంది, దాని ప్రాణమంతా ఎల్5లోనే ఉంది. చీమకుర్తి గ్రానైట్ క్వారీ అడుగుకు దింపితే ఆ సంగతి బోధపడుతుంది.

అక్కడ చుట్టూ నిలువు రాతిగోడ. ఆకాశం కాస్తే కనిపిస్తుంది, ఆ కాస్తలోంచి వచ్చే సిగ్నలు గోడకు తగిలి మళ్లీ ఆలస్యంగా వస్తుంది. ఎల్1లోని పాత జీపీఎస్ కోడ్‌కు ఒక చిప్ (కోడ్‌లోని ఒక్కో చిన్న ముక్క) పొడవు 293 మీటర్లు, ఎల్5కు 29 మీటర్లే. అందుకే 45 మీటర్లకు మించి వెనకబడిన ప్రతిబింబాన్ని ఎల్5 దాదాపు లెక్కలోకే రానివ్వదు. ఎల్1 మీదే ఆధారపడితే పక్కకు జరిగిపోయే బెంచీ (మెట్టులా కోసిన రాతి) అంచు పాయింట్లు దీంతో కుదురుగా కూర్చుంటున్నాయి. చాలా ఆనందంగా ఉంది. యూరప్ గెలీలియో ఈ5ఏ, చైనా బైడూ-3 బీ2ఏ, అమెరికా జీపీఎస్ ఎల్5 మూడూ 1176.45 మెగాహెర్ట్జ్ మీదే ఉంటాయి కాబట్టి అన్నిటికీ ఒకే ఫిల్టర్ చాలు. రష్యా గ్లోనాస్‌కు ఈ బ్యాండులో వాటా లేదు.

పెట్టె విప్పగానే ఇదంతా దక్కదు. జీపీఎస్ ఎల్5 సిగ్నలు బలం తెరమీద బాగానే కనిపిస్తుంది, ‘వాడుతున్నది’ అన్న గుర్తు మాత్రం పడదు. యాంటెన్నా మార్చినా, కేబుల్ మార్చినా అంతే. అసలు కారణం ఉపగ్రహం పంపే సందేశంలో ఉంది. ఎల్5 ఇంకా పూర్తిస్థాయి సేవ కాదు కనుక దాని హెల్త్ బిట్‌లో (సిగ్నలు వాడదగినదా కాదా చెప్పే గుర్తు) ‘బాగాలేదు’ అనే పెట్టి పంపుతున్నారు. రిసీవర్ ఆ మాట నమ్మి పక్కన పెట్టేస్తుంది. ఎల్5 హెల్త్‌కు బదులు ఎల్1 హెల్త్ చూడమని సెట్టింగ్ మార్చాలి, దాన్ని ఫ్లాష్‌లో సేవ్ చేయాలి. లేకపోతే పవర్ తీయగానే పోతుంది. ఫర్మ్‌వేర్ ఎక్కించిన ప్రతిసారీ మళ్లీ చూసుకోవాలి. బేస్‌లోనూ (ఒకచోట కదలకుండా ఉంచి దిద్దుబాట్లు పంపే రిసీవర్) ఇదే మార్పు కావాలి. అది పంపే 1077 (జీపీఎస్), 1097 (గెలీలియో), 1127 (బైడూ) సందేశాల్లో ఎల్5 కొలతలు లేకపోతే చేతపట్టుకుని తిరిగే రోవర్‌లో ఎల్5 ఉన్నా, అప్పటికప్పుడే సెంటీమీటర్ల కచ్చితత్వంతో కొలిచే ఆర్‌టీకేకి పనికిరాదు. ఎల్5 బదులు ఎల్2 (1227 మెగాహెర్ట్జ్) పట్టే ఎల్1–ఎల్2 రకం బేస్ ఉన్నవాళ్లకు సరిగ్గా ఇక్కడే దెబ్బ. యాంటెన్నా కూడా 1176కు పనిచేసేదే కొనాలి, 1227కు చేసినది పెడితే సిగ్నలు బలం పడిపోతుంది.

ఇక మన దేశపు నావిక్ సంగతి. బ్యాండ్ అదే అయినా దాని పౌర కోడ్ వేగం సెకనుకు 1.023 మెగాచిప్‌లే (జీపీఎస్ ఎల్5లో పదో వంతు), కాబట్టి గోడల దగ్గర ఎల్5 లాభం దానికి రాదు. పైగా కొత్త వ్యవస్థ చేరితే దాని గడియారం తేడా ఇంకో తెలియని అంకె అవుతుంది. ఆ తేడా ముందే తెలియకపోతే, ఒక్క నావిక్ ఉపగ్రహమే కనిపించినప్పుడు ఉపగ్రహాల లెక్క పెరుగుతుందే తప్ప స్థానం మెరుగవదు.

అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటల గట్లమీద ఇంత మెచ్చుకోలు అక్కర్లేదు. రెండు మీటర్ల పోల్ మీద నీటి ప్రతిబింబం కొద్ది మీటర్లే వెనకబడుతుంది. అంత దగ్గరిదాన్ని ఎల్5 కూడా విడదీయలేదు. యాంటెన్నా కింద వెడల్పాటి గ్రౌండ్ ప్లేట్, 15 డిగ్రీల మాస్క్ (అంతకన్నా కిందున్న ఉపగ్రహాలను వదిలేసే సెట్టింగ్) అక్కడ ఎక్కువ పనిచేస్తాయి.

మార్చి, ఏప్రిల్, సెప్టెంబరు, అక్టోబరు సాయంత్రాలు ఇంకో ఇబ్బంది. సూర్యుడి జోరు ఎక్కువున్న ఏళ్లలో పొద్దుగూకాక అయనోస్ఫియర్ (వాతావరణంలో పైనున్న విద్యుదావేశ పొర) అల్లాడితే తక్కువ ఫ్రీక్వెన్సీ గల ఎల్5 ఎల్1 కన్నా ముందే జారుతుంది, ఫిక్స్ (సెంటీమీటర్ల కచ్చితత్వం) కాస్తా ఫ్లోట్ (అంత నమ్మలేని అంచనా) అవుతుంది. పగలే పని ముగించుకోవడం మేలు.

క్వారీలు, ఇరుకు వీధుల పని ఎక్కువుండి, బేస్ కూడా మీ చేతిలోనే ఉంటే కొనొచ్చు. గట్ల సర్వేకే అయితే ఉన్న ఎల్1–ఎల్2 సెట్టు మార్చాల్సిన పనిలేదు.