విట్‌వర్త్ తూటా అని చెప్పి సీసపు ముక్క అంటగడుతున్నారు, జాగ్రత్త

నిన్న వర్జీనియాలో జరిగిన అమెరికా అంతర్యుద్ధ వస్తువుల ప్రదర్శనలో, చివరి వరుసలో గాజు పెట్టెలు పరిచే పెద్దమనిషి దగ్గర (ఎవరో మీకు తెలుసు, పేరు రాయను) ఆరు పలకల విట్‌వర్త్ తూటా (ఆ యుద్ధంలో దూరపు గురికి పేరుపడ్డ ఇంగ్లండ్ రైఫిల్ తూటా) అన్న నమ్మకంతో ఒక సీసపు ముక్కను 350 డాలర్లు పోసి కొన్నాను. వర్జీనియాలోనే ఉన్న యుద్ధభూమి స్పాట్సిల్వేనియా మట్టిలో దొరికిందని ఆయన చెప్పగానే నాకు మతి పోయింది. 1864 మే 9న అక్కడే ఉత్తరాది సేనాని జనరల్ సెడ్జ్‌విక్, ఇంత దూరం నుంచి శత్రువులు ఏనుగును కూడా కొట్టలేరని సైనికులకు ధైర్యం చెప్పి, ఆ వెంటనే తూటా తగిలి కూలిపోయాడు; అది విట్‌వర్త్ తూటాయేనని చాలామంది నమ్ముతారు. నేనూ అంతే ధీమాగా నిలబడ్డాను.

ఇంటికి వచ్చి తడి గుడ్డతో తుడిచేసరికి, నేను చూసి మురిసిపోయిన ఆ తెల్లపూత సున్నంలా గుడ్డకు అంటుకుని, కింద కొత్త సీసం తళతళలాడింది. నేలలో దశాబ్దాలు ఉన్న సీసం మీద ఏర్పడే పూత లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటుందే గానీ, ఇలా ఊడి రాదు. వంటింటి తూకంలో 27 గ్రాములు తూగింది. అసలు తూటా 530 గ్రెయిన్లు, అంటే సుమారు 34 గ్రాములు. అన్నిటికన్నా సిగ్గుచేటు ఏమిటంటే, ఆ రైఫిల్ గొట్టం లోపలి పలకలు 20 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి కనుక తూటా పలకలు కూడా స్వల్పంగా మెలితిరిగి ఉండాలని పుస్తకంలో చదివి, ఆ వాక్యం కింద గీత గీసుకున్నది కూడా నేనే. నా చేతిలోనిది పెన్సిల్ ముక్కలా నిటారుగా ఉంది.

ఈ ఉదయం తిరిగి ఇవ్వబోతే, ఆయన దాన్ని అందుకుని, మిగిలిన తెల్లపొడిని బొటనవేలితో రుద్ది, నా కళ్లెదుటే ప్యాంటుకు తుడుచుకుని, "మీ దేశానికి సంబంధం లేని యుద్ధంతో మీకేం పని?" అని నవ్వాడు. డబ్బు పోయినందుకు కాదు, ఆ తుడుచుకోవడానికి నాకు రాత్రి వరకు అన్నం సహించలేదు. బిల్లు తీసి చూపించాను. అందులో "సీసపు తూటా, ఒకటి" అని మాత్రమే ఉంది. విట్‌వర్త్ అన్న మాట ఆయన నోటితో అన్నాడే తప్ప కాగితం మీద పెట్టలేదు, పెట్టమని నేనూ అడగలేదు. మహా తెలివైనవాణ్ణి కదా.

కొనేవారు తూచి, మెలిక చూసి, బిల్లులో పేరు రాయించుకోండి. అన్నట్టు, ఆ బల్ల కింద లోపలి పేలుడు మందును రగిలించే ఫ్యూజు ఊడని ఫిరంగి గుండ్లు కూడా రెండు ఉన్నాయి. 2008లో ఇదే రాష్ట్రంలోని చెస్టర్‌లో, ఏళ్ల అనుభవం ఉన్న సేకర్త ఒకరు ఆ యుద్ధకాలపు గుండు పేలి మరణించారు. లోపలి మందు తీశారా అని నిన్న నేను అడిగినప్పుడు ఈ పెద్దమనిషి ఇచ్చిన జవాబు: "ఎవరో తీసే ఉంటారు."