"వర్చువలైజేషన్ రెడీ" అని అమ్ముతున్న ఆర్మ్ బోర్డులు కొనేముందు ఇంటరప్ట్ కంట్రోలర్ సంగతి అడగండి

కేవీఎం (ఒకే కంప్యూటర్ లోపల గెస్ట్‌లనే వర్చువల్ కంప్యూటర్లను నడిపే లినక్స్ సదుపాయం) నడపడానికి ఆర్మ్ బోర్డు (ఆర్మ్ రకం ప్రాసెసర్ ఉన్న చిన్న కంప్యూటర్) కొనాలనుకుంటున్న వాళ్లందరికీ, ముఖ్యంగా ప్రాజెక్టు కోసం చేతి డబ్బు పెట్టి కొనుక్కునే విద్యార్థులకు ఈ హెచ్చరిక. ప్రకటనలో "64 బిట్, 8 కోర్లు, వర్చువలైజేషన్ రెడీ, కేవీఎం సపోర్ట్" అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, వీజిక్ (గెస్ట్‌లకు ఇంటరప్ట్‌లను, అంటే పరికరాలు ప్రాసెసర్‌ను పిలిచే సంకేతాలను, అందించే కేవీఎం భాగం) పనిచేస్తుందా లేదా అన్నది లిఖితపూర్వకంగా చెప్పించుకోకుండా డబ్బు కట్టకండి. కాకినాడలో బీటెక్ చివరి సంవత్సరం చదువుతున్న మా మేనల్లుడు హైపర్‌వైజర్ (గెస్ట్‌లను నడిపే సాఫ్ట్‌వేర్) మీద ప్రాజెక్టు పెట్టుకున్నాడు. స్కాలర్‌షిప్‌లో మిగిల్చుకున్న డబ్బుతో ఆన్‌లైన్‌లో ఇలాంటి బోర్డు తెప్పించాడు. ఇప్పుడు ఆ ప్రాజెక్టు రివ్యూ తేదీ దాటిపోయింది.

ప్రకటనలో పెట్టిన ఫొటోల్లో ఒకటి టెర్మినల్ స్క్రీన్‌షాట్. డెవ్ డైరెక్టరీలో కేవీఎం ఫైలు, అంటే కెర్నెల్‌లో (లినక్స్ గుండెకాయలో) కేవీఎం మొదలైందని చెప్పే ఫైలు, కనిపిస్తోంది. చాలామంది అది చూసే ఆర్డర్ పెడతారు. బోర్డు వచ్చింది, ఆన్ అయింది, ఫైలూ అక్కడే ఉంది. కానీ క్యూఎము అనే ప్రోగ్రాంతో గెస్ట్‌ను మొదలుపెట్టగానే, కెర్నెల్ లోపలి ఇంటరప్ట్ కంట్రోలర్‌ను సృష్టించలేనని చెప్పి ఆగిపోయింది. ఆ కంట్రోలర్ ఎమ్యులేషన్‌ను (సాఫ్ట్‌వేర్‌లో అనుకరించడాన్ని) కెర్నెల్‌లో కాకుండా క్యూఎములోనే నడిపేలా ఆప్షన్ మార్చితే గెస్ట్ లేచింది. అయితే నెట్‌వర్క్ మీద ఒక ఫైలు దించుకుంటుంటే చాలు, టైపు చేసిన అక్షరం తెర మీదికి రావడానికి ఎదురు చూడాల్సి వచ్చేది. రెండో గెస్ట్ మొదలుపెడితే మొదటిది దాదాపు కదలడం మానేసేది. దాని మీద కొలతలు తీసి ప్రాజెక్టు రిపోర్టులో రాయడం అసాధ్యం.

ఎందుకిలా అయిందో కాస్త వివరంగా చెప్తాను. అమ్మేవాళ్లు మసిపూసి మారేడుకాయ చేసేది సరిగ్గా ఇక్కడే.

ఆర్మ్ మెషీన్లలో ఇంటరప్ట్‌లను పంచిపెట్టే హార్డ్‌వేర్ పేరు జీఐసీ. గెస్ట్‌కు కూడా తన సొంత జీఐసీ ఉన్నట్టు కనిపించాలి. కేవీఎం ఈ పనిని రెండుగా విడగొడుతుంది. ఏ ఇంటరప్ట్ ఏ సీపీయూకి వెళ్లాలి, దేనికి ఎంత ప్రాధాన్యం అని చూసే డిస్ట్రిబ్యూటర్ భాగాన్ని కెర్నెల్ సాఫ్ట్‌వేర్‌లో అనుకరిస్తుంది. గెస్ట్ దాని రిజిస్టర్లను (హార్డ్‌వేర్‌ను నడిపించే చిన్న మెమరీ గళ్లను) ముట్టుకున్న ప్రతిసారీ ట్రాప్ అయి, అంటే గెస్ట్ ఆగి, పని కెర్నెల్‌కు వస్తుంది. ఆ రిజిస్టర్లను గెస్ట్ ఎక్కువగా బూట్ సమయంలోనే ముట్టుకుంటుంది కాబట్టి పెద్ద భారం కాదు. రెండో భాగం సీపీయూ ఇంటర్‌ఫేస్. ఇంటరప్ట్ అందిందని చెప్పడం, పని అయిపోయిందని చెప్పడం ఇక్కడ జరుగుతాయి. సెకనుకు వేలసార్లు జరిగే పని ఇది. దీన్ని సాఫ్ట్‌వేర్‌లో చేస్తే తట్టుకోలేం కాబట్టే ఆర్మ్ వాళ్లు హార్డ్‌వేర్‌లోనే వర్చువల్ సీపీయూ ఇంటర్‌ఫేస్ పెట్టారు. హైపర్‌వైజర్ రాబోయే ఇంటరప్ట్‌లను లిస్ట్ రిజిస్టర్లలో రాసి పెడుతుంది, గెస్ట్ వాటిని ట్రాప్ లేకుండా నేరుగా తీసుకుంటుంది.

లిస్ట్ రిజిస్టర్లు కొన్నే ఉంటాయి. జీఐసీ-400లో 4, జీఐసీ మూడో వెర్షన్‌లో గరిష్ఠంగా 16. అంతకంటే ఎక్కువ ఇంటరప్ట్‌లు వరుసలో ఉంటే ఏమవుతుంది? మన ఊళ్లో డాక్టరు గారి దగ్గర కాంపౌండరు నాలుగు చీటీలే బల్ల మీద పెట్టి, మిగతావాళ్లను బయట బెంచీ మీద కూర్చోబెడతాడు. చీటీలు అయిపోవస్తుంటే బెల్లు మోగుతుంది, అతను వచ్చి మళ్లీ నింపుతాడు. ఆ బెల్లు పేరే మెయింటెనెన్స్ ఇంటరప్ట్. మామూలుగా ఇది ప్రతి కోర్‌కూ ప్రైవేటుగా ఉండే 25వ నంబరు ఇంటరప్ట్. డివైస్ ట్రీలో (బోర్డులో ఏ హార్డ్‌వేర్ ఉందో కెర్నెల్‌కు చెప్పే ఫైలులో) జీఐసీ వివరాలు రాసేచోట దీన్ని ప్రైవేట్ ఇంటరప్ట్ 9 అని రాస్తారు, 16 కలిపితే 25.

మా మేనల్లుడికి వచ్చిన బోర్డు డివైస్ ట్రీలో ఆ లైనే లేదు.

ఇది లేకపోతే కేవీఎం పూర్తిగా ఆగిపోతుందని అనుకుంటాం. ఆగదు. సీపీయూ ఈఎల్2 స్థాయిలో (హైపర్‌వైజర్‌కు కేటాయించిన అధికార స్థాయిలో) బూట్ అయింది కాబట్టి కేవీఎం మొదలవుతుంది, ఫైలు కనబడుతుంది, కానీ వీజిక్ లేదని లోపల గుర్తుపెట్టుకుని ముందుకు పోతుంది. దీనికి వెనక మంచి కారణమే ఉంది. 2016లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 3లో కార్టెక్స్-ఏ53 కోర్లు వర్చువలైజేషన్ చేయగలవు, కానీ ఆ చిప్‌లో జీఐసీ లేదు, బ్రాడ్‌కామ్ సొంత కంట్రోలర్ ఉంది. అలాంటి బోర్డుల మీద కూడా ఇంటరప్ట్ కంట్రోలర్‌ను యూజర్‌స్పేస్‌లో (కెర్నెల్ బయట, క్యూఎము లాంటి ప్రోగ్రాంలో) అనుకరించి గెస్ట్ నడుపుకోవచ్చని 2017లో లినక్స్ 4.12లో వెసులుబాటు చేర్చారు. ప్రయోగాలు చేసుకునేవాళ్లకు అది వరం. అమ్మకందారు మాత్రం అదే వెసులుబాటును అడ్డం పెట్టుకుని, "ఫైలు ఉంది కదా, కాబట్టి సపోర్ట్ ఉన్నట్టే" అంటున్నాడు. ఇది మోసమే, నేను ఆ మాట ఆలోచించే వాడుతున్నాను.

డివైస్ ట్రీ తెలిసినవాళ్లు "ఆ ఒక్క లైను మీరే కలుపుకోండి" అంటారు. ఈ బోర్డు బూట్‌లోడర్ (ఆన్ కాగానే సిస్టమ్‌ను ఎక్కించే ప్రోగ్రాం) డిజిటల్ సంతకం ఉన్న ఇమేజ్‌నే ఒప్పుకుంటుంది, మార్చిన డివైస్ ట్రీని తిప్పికొడుతుంది. అది ఒప్పుకునే బోర్డయినా సరే, ఫైల్లో లైను రాసినంత మాత్రాన చిప్ లోపల ఆ సిగ్నల్ కలిపి ఉందని హామీ లేదు. చిప్ తయారీదారు డాక్యుమెంటు చూపించకుండా అది తేలదు. కలపని సిగ్నల్‌ను ఉందని రాస్తే, తేలికపాటి పనిలో గెస్ట్ బాగానే నడుస్తుంది. లోడ్ పెరిగి లిస్ట్ రిజిస్టర్లు నిండిన రోజు ఇంటరప్ట్‌లు ఎక్కడో చిక్కుకుని గెస్ట్ వేలాడిపోతుంది. ఆ బగ్ వెతకడం ఎంత టెన్షనో ఈ పని చేసినవాళ్లకు తెలుసు.

అమ్మకందారుతో మాట్లాడితే మొదట "కొత్త క్యూఎము వేసుకోండి సార్" అన్నాడు. తర్వాత "కెర్నెల్ అప్‌డేట్ వస్తుంది, ఆగండి" అన్నాడు. బూట్ లాగ్ (బోర్డు ఆన్ అయ్యేటప్పుడు వచ్చే సందేశాలు) పంపి, వీజిక్ లైను చూపించమని అడిగితే, "బోర్డు ఆన్ అవుతోంది కదా సార్, ఇక డిఫెక్ట్ ఎక్కడుంది? రిటర్న్ తీసుకోం" అని తేల్చేశాడు. ఇక్కడ మనకు చట్టం తోడుంది. వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటించిన లక్షణాలు వస్తువులో లేకపోతే వెనక్కి తీసుకోవడానికి అమ్మకందారు నిరాకరించకూడదు. పాడైన వస్తువుకే రిటర్న్ అనే మాట చెల్లదు. ప్రకటన స్క్రీన్‌షాట్, బూట్ లాగ్, అతను పంపిన మెసేజ్‌లు జతచేసి ఇదే విషయం రాశాక బోర్డు ధర వెనక్కి వచ్చింది, కొరియర్ ఖర్చు రాలేదు. ప్రకటన మాత్రం ఒక్క అక్షరం మారకుండా అలాగే ఉంది, అందుకే ఈ పోస్టు.

కొనేముందు అమ్మకందారును అడగాల్సింది ఫైలు ఫొటో కాదు, అదే బోర్డు, అదే ఇమేజ్‌తో తీసిన పూర్తి బూట్ లాగ్. అందులో సీపీయూలన్నీ ఈఎల్2లో మొదలయ్యాయని ఉండాలి. ఈఎల్1 అని ఉంటే కేవీఎం అసలే లేదు. దాని తర్వాత కేవీఎం పేరుతో మొదలయ్యే లైన్లలో "వీజిక్ ఇంటరప్ట్ ఐఆర్‌క్యూ" అని, పక్కన ఒక నంబరు ఉండాలి. ఆ నంబరు ఎంతైనా ఫర్వాలేదు, లైను ఉండటం ముఖ్యం. ప్రాక్ డైరెక్టరీ కింద ఇంటరప్ట్స్ ఫైల్లో కూడా 25 ఎదురుగా వీజిక్ అనే పేరు కనిపించాలి. ఇవి చూపించలేనివాడి దగ్గర కొనకండి. వీలైతే ఇంటరప్ట్ చిప్ ఎమ్యులేషన్ కెర్నెల్‌లోనే ఉండేలా ఆప్షన్ పెట్టి ఒక గెస్ట్ నడిపి చూపించమనండి. ఆ ఆప్షన్ ఆపేసి గెస్ట్ నడిపి చూపించడం చాలా తేలిక, కాబట్టి కమాండ్ లైను మొత్తం కనిపించాలి.

జీఐసీ ఏ వెర్షనో కూడా తెలుసుకోండి. 2019 నాటి రాస్ప్‌బెర్రీ పై 4లో, 2023 నాటి పై 5లో జీఐసీ-400 ఉంది, కేవీఎం దానితో బాగానే నడుస్తుంది. అయితే అది రెండో వెర్షన్ కాబట్టి ఒక గెస్ట్‌కు 8 వర్చువల్ సీపీయూలే ఇవ్వగలం, మూడో వెర్షన్ జీఐసీ కోరే గెస్ట్‌ను దాని మీద కేవీఎంతో నడపలేం. చదువుకోవడానికి ఇది చాలు. బడ్జెట్ తక్కువైన పిల్లలకు నేను అదే చెప్తున్నాను.

కెర్నెల్ అప్‌డేట్‌ల సంగతి చిన్న విషయం అనుకోకండి. ఇంటరప్ట్ కంట్రోలర్ ఎమ్యులేషన్ కెర్నెల్ లోపల ఉంటుంది, దాన్ని గెస్ట్ నేరుగా తాకుతుంది. అక్కడ తప్పుంటే గెస్ట్ చేతికి హోస్టే (గెస్ట్‌లను నడిపే అసలు మెషీనే) దొరుకుతుంది. ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లు) వైపు 2013లో లోకల్ ఏపిక్ (అక్కడి ఇంటరప్ట్ కంట్రోలర్) టైమర్ ఎమ్యులేషన్‌లో సున్నాతో భాగించే తప్పు బయటపడింది, గెస్ట్ దానితో హోస్ట్‌ను కూల్చేయగలిగేది. భద్రతా లోపాల జాబితాలో దాని నంబరు సీవీఈ-2013-6367. ఆర్మ్ వైపు వీజిక్‌లోని ఐటీఎస్ భాగంలో (పరికరాలు సందేశాలుగా పంపే ఇంటరప్ట్‌లను చూసుకునేది), విడుదల చేసేసిన మెమరీని మళ్లీ వాడే తప్పుకు సీవీఈ-2024-26598 వచ్చింది. మేనల్లుడి బోర్డుకు సంతకం ఉన్న ఇమేజ్ ఒక్కటే, 5.10 సిరీస్‌లోని పాత విడుదల, కొత్తది ఎప్పుడొస్తుందో అమ్మకందారు చెప్పలేదు. అలాంటి దాని మీద నమ్మకం లేని గెస్ట్‌లను నడపకూడదు.

పాత సర్వర్లు కొనేవాళ్లకూ ఒక మాట. సెకండ్ హ్యాండ్ జియాన్ (ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్) మెషీన్లకు "వీటీ-ఎక్స్ ఉంది", అంటే ఇంటెల్ వర్చువలైజేషన్ సదుపాయం ఉంది, అని చెప్పి అమ్ముతారు, అది నిజమే. కానీ ఇంటరప్ట్‌ల భారం తగ్గించే ఏపిక్‌వీ అనే సదుపాయం జియాన్ ఈ5 రెండో తరం నుంచే ఉంది, మొదటి తరం ఈ5లో లేదు. లేకపోయినా గెస్ట్‌లు చక్కగా నడుస్తాయి, ఇంటరప్ట్‌లు ఎక్కువైనప్పుడు మాత్రం ఎగ్జిట్‌లు (గెస్ట్ ఆగి హోస్ట్‌కు పని అప్పగించడాలు) పెరుగుతాయి. కేవీఎం ఇంటెల్ మాడ్యూల్ పారామీటర్లలో ఎనేబుల్ ఏపిక్‌వీ విలువ వై అని ఉందా, ఎన్ అని ఉందా చూపించమని అడిగి, ఎన్ అయితే ధర తగ్గించమనండి.

ఇప్పటికే ఇలాంటి బోర్డు చేతికొచ్చినవాళ్లు రిటర్న్ గడువు లోపలే, అమ్మకందారు ఇచ్చిన ఇమేజ్‌తోనే, బాక్సు తెరవడం దగ్గర్నుంచి బూట్ లాగ్ దాకా వీడియో తీసి పెట్టుకోండి. మీరు వేరే ఇమేజ్ వేశాక తీసిన లాగ్ చూపిస్తే "మీరే పాడుచేశారు" అంటారు. అమ్మకందారు మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. ఫిర్యాదులో సాంకేతిక వివరాలన్నీ గుప్పించకుండా, "కేవీఎం సపోర్ట్ ఉందని ప్రకటించారు, ఇంటరప్ట్ కంట్రోలర్ వర్చువలైజేషన్ ఈ బోర్డులో పనిచేయదు, ఇదిగో లాగ్" అని రాయండి. మాకు డబ్బు తెచ్చిపెట్టింది ఆ ఒక్క వాక్యమే.