చదరపు వాచీల కోసం మూడు ఊళ్లు

పాత వాచీల కోసం కర్నూలు వెళ్లేవాళ్లు ఆదివారం మాత్రం వెళ్లొద్దు. నేను అదే పని చేశాను. రైలు దిగి, లాడ్జిలో సంచి పడేసి, కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల సందులన్నీ తిరిగితే తెరిచి ఉన్న వాచీ కొట్లు రెండే. ఒకదాంట్లో అన్నీ కొత్త క్వార్ట్జ్ సరుకు, అంటే బ్యాటరీతో నడిచేవి. రెండోదాంట్లో ఉన్న కుర్రాడు, "పాతవైతే రేపు రా అన్నా, బీరువా తాళం మా నాయన దగ్గరుంటాది" అన్నాడు. అంతే, ఒక రోజు పోయింది.

లాడ్జికి రోజుకు 900. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి. వేడినీళ్లు 24 గంటలూ అని బోర్డు పెట్టారు గానీ, వచ్చింది పొద్దున ఓ గంట. గది రోడ్డు వైపు ఇచ్చారు, రాత్రంతా హారన్లే. ఈసారి వెళ్తే రెండొందలు ఎక్కువైనా వెనకవైపు గది అడుగుతా. పొద్దున్నే కింద బండి మీద తిన్న ఉగ్గాని, మిరపకాయ బజ్జితో ఆ కోపం సగం తగ్గింది. పప్పుల పొడి తగినంత వేసినవాడి ఉగ్గాని వేరు.

నా పిచ్చి గురించి ఒక మాట. గుండ్రటి వాచీలు నాకొద్దు. 1970లు, 80ల్లో వచ్చిన చదరపువే కావాలి. మూలలు కాస్త గుండ్రంగా, పాత టీవీ తెరలా ఉంటాయని వీటిని టీవీ డయల్ అని కూడా అంటారు. రికో, సీకో, సిటిజన్ ఆటోమేటిక్‌లు (చెయ్యి కదిలితే చాలు, కీ దానంతటదే ఎక్కేవి), అప్పుడప్పుడు హెచ్‌ఎంటి. పెళ్లిలో అల్లుడికి వాచీ పెట్టే రోజుల్లో కొన్నవి చాలా ఇళ్లల్లో ఇప్పటికీ ట్రంకు పెట్టెల్లో పడున్నాయి. చేతి వాచీకి ఈ ఆకారం కొత్తదేం కాదు. కార్టియే వాళ్లు శాంటోస్‌ను 1904లో, ట్యాంక్‌ను 1917లో గీశారు. అవి కొనే స్తోమత నాకు లేదు, ఎప్పటికీ రాదు కూడా. నా బడ్జెట్ రికో దగ్గర ఆగిపోతుంది.

సోమవారం ఆ నాయన వచ్చాడు. బీరువాలోంచి బిస్కెట్ డబ్బా తీసి బల్ల మీద బోర్లించాడు. ముప్పై, నలభై వాచీలు. అందులో చదరపువి ఏడు. ఒకటి ముదురు నీలం డయల్ రికో, చూడగానే చెయ్యి దాని మీదకే పోయింది. 2,500 చెప్పాడు. భూతద్దం పెట్టి చూస్తే రంగు మందంగా ఉంది, వారం, తేదీ కనిపించే కిటికీ అంచు మీదికి కూడా పాకింది. అక్షరాలు ఉబ్బినట్టున్నాయి. పాత మిషన్‌కు కొత్తగా రంగేసి అచ్చుకొట్టిన డయల్ తగిలించిన సరుకు. మార్కెట్లో దీన్నే బొంబాయి డయల్ అంటారు. అడిగితే ఆయన దాచలేదు. "డయలు బొంబాయిదే. లోపల మిషన్ మాత్రం జపాన్‌ది. మెరిసేదే కావాలంటారు జనం, నేనేం చేసేది?" అన్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పినందుకు ఆ కొట్టుకు మంచి మార్కులే వేస్తా. నీలందాన్ని వదిలేసి, డయల్ పసుపు తిరిగి, అద్దం మూలన విరిగిన సిటిజన్ ఒకటి 1,600కు తీసుకున్నా. దానికి రంగు వేయలేదు, అదే నాకు కావలసింది.

మధ్యాహ్నం రైల్లో ద్రోణాచలం, గుత్తి మీదుగా అనంతపురం. టవర్ క్లాక్ దగ్గర్లో దిగిన లాడ్జి కర్నూలుదానికంటే నూరు తక్కువ, దోమలు మాత్రం రెట్టింపు. ఊళ్లో తిరిగితే కొనడానికి పెద్దగా ఏమీ దొరకలేదు. రెండు గుండ్రటి ఆల్విన్‌లు, కొన్ని హెచ్‌ఎంటిలు చూశాను. సిటిజన్ సాయంతో హెచ్‌ఎంటి వాచీల ఫ్యాక్టరీ 1961లో బెంగళూరులోనే మొదలైంది కదా, పక్కనే ఉన్న ఈ ఊళ్లో అవి ఎక్కువ ఉంటాయని ఆశపడ్డాను. 2016లో ఆ వాచీల కంపెనీని మూసేయాలని కేంద్రం నిర్ణయించాక ధరలు మాత్రం ఇక్కడా పెరిగాయి.

కానీ రిపేరుకు అనంతపురమే. పాతూరు వైపు ఒక సందులో మనిషి కూర్చుంటే మోకాళ్లు బయటికొచ్చేంత కొట్టు. పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి. నేనిచ్చిన సిటిజన్‌ను చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఊపి, మొండి చాకు మొనతో వెనక మూత టక్కున లేపాడు. లోపలి రబ్బరు జిగురులా కరిగిపోయి ఉంది. మిషన్ నిగనిగలాడుతోంది, తుప్పంతా నాలుగు మూలల్లోనే.

"చూడు సామీ, గుండ్రటి దానికి మూత మర మాదిరి తిరిగి బిగుస్తాది, రబ్బరు మీద అన్ని పక్కలా ఒకే నొక్కుడు. దీనికి మూలల్లో పట్టు ఉండదు. చెమట అక్కడ్నుంచే దిగుతాది" అన్నాడు. 1969లో హోయర్ వాళ్లు మొనాకో అని చదరపు వాచీని నీళ్లు దూరకుండా చేసి ఎందుకంత గొప్పగా చెప్పుకున్నారో ఆ తుప్పు చూశాక అర్థమైంది.

అద్దం సంగతి ఇంకా కష్టం. గుండ్రటి అద్దమైతే మిల్లీమీటర్ల కొలత చెప్తే డబ్బాలోంచి తీసిస్తారు. చదరపుదానికి పొడవు, వెడల్పు, మూల వంపు మూడూ కలవాలి. ఒక్కో మోడల్‌ది ఒక్కో తీరు. పెద్దాయన నలభై అద్దాలు పెట్టి చూశాడు, ఒక్కటీ కూర్చోలేదు. ఆయిలింగ్, కొత్త రబ్బరు, మూలల తుప్పు గీకడం అన్నీ కలిపి 450 తీసుకుని, అద్దానికి మాత్రం డబ్బులు వద్దన్నాడు. "దొరికితే ఫోన్ చేస్తా. దొరకకపోతే లేదు." రెండు గంటలు ఎదురుగా కూర్చోబెట్టుకుని, విప్పిన ప్రతి ముక్కా చూపించి పని చేశాడు. అంతకు వారం ముందు హైదరాబాద్‌లో ఒక కొట్టువాళ్లు వేరే వాచీ లోపలికి తీసుకెళ్లి, పావుగంటలో తెచ్చిచ్చి 1,200 గుంజారు. ఏం చేశారో ఇప్పటికీ తెలీదు.

కడప ఎందుకు వెళ్లానంటే, తాడిపత్రి మీదుగా బస్సుంది కాబట్టి. వై.వి. స్ట్రీట్ అంతా తిరిగినా ఒక్క చదరపు వాచీ కూడా కనిపించలేదు. ఏడు రోడ్ల దగ్గర తిన్న కారం దోసె బాగుంది. మూడు ఊళ్లలో మంచి గది కూడా అక్కడే దొరికింది, 1,100కు ఏసీ, దోమల్లేవు, కౌంటర్లో మర్యాదగా మాట్లాడారు. వాచీల కోసం మాత్రం కడపకు టికెట్ తీయకండి.

సిటిజన్ ఇప్పుడు నా చేతికే ఉంది, రోజుకు నాలుగు నిమిషాలు ముందుకు పోతోంది. విరిగిన మూల మీద పారదర్శక టేపు అంటించాను. మొన్న పెద్దాయన ఫోన్ చేశాడు. "అద్దం ఒకటి దొరికింది సామీ. పొడుగు, వెడల్పు సరిపోయినాయి, మూలలు కొంచెం మొనదేలినాయి. అరగదీసేదా, వద్దా?" అని అడిగాడు. అరగదీస్తే పగలొచ్చు, అదీ చెప్పాడు. రెండు రోజులు టైమ్ అడిగాను.