పిత్తాశయం (గాల్‌బ్లాడర్) వాపుకు కీహోల్ ఆపరేషన్: బెజవాడ, గుంటూరుల్లో సేవ ఎలా ఉంది?

కుడి డొక్కలో నొప్పి, జ్వరంతో బెజవాడ సూర్యారావుపేటకో గుంటూరు కొత్తపేటకో వెళ్తే, అల్ట్రాసౌండ్, రక్తపరీక్షలకు పెద్దగా తిరగక్కర్లేదు. జబ్బు పట్టుకోవడంలో రెండు ఊళ్లకూ మంచి మార్కులే వేస్తాం. తేడా అంతా ఆపరేషన్ ఎప్పుడు చేస్తారన్న దగ్గరే.

"యాంటీబయాటిక్స్‌తో వాపు తగ్గనిచ్చి ఆరు వారాలాగి చేద్దాం" అనే పాత పద్ధతి ఇంకా వినిపిస్తూనే ఉంది. మత్తుకు తట్టుకోగల మనిషి విషయంలో మేం దీన్ని ఒప్పుకోం. వాపుకు కారణమైన రాయి పిత్తాశయం మెడలో ఇరుక్కున్న మొదటి రెండు మూడు రోజుల్లో పొరలు నీరుపట్టి మెత్తగా ఉంటాయి, సులువుగా విడివడతాయి. తర్వాత అవి గట్టిపడతాయి, చుట్టుపక్కల పేగు, కొవ్వుపొర వచ్చి అతుక్కుంటాయి. అందుకే 72 గంటల్లోపు ఆపరేషన్ చేయాలనే మాట. ఆ లెక్క ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి కాదు, నొప్పి మొదలైనప్పటి నుంచి. గ్యాస్ అనుకుని సోడా తాగుతూ ఇంట్లో గడిపిన రెండు రోజులూ అందులోవే. 72 గంటలు దాటాయని ఇంటికి పంపేయాల్సిన పనీ లేదు. చెయ్యి తిరిగిన సర్జన్ వారం లోపు కూడా చేయగలరు. 2013లో వెలువడిన జర్మనీ అధ్యయనంలో, చేరిన 24 గంటల్లో ఆపరేషన్ అయినవారిలో 11.8 శాతం మందికి ఇబ్బందులు వస్తే, 7 నుంచి 45 రోజుల మధ్య చేయించుకున్నవారిలో 34.4 శాతం మందికి వచ్చాయి. ఆగిన కాలంలో నొప్పి తిరగబెట్టవచ్చు, రాయి పైత్యనాళంలోకి (కాలేయం నుంచి పైత్యాన్ని పేగుకు చేర్చే గొట్టం) జారి కామెర్లో, క్లోమం వాపో తేవచ్చు.

కాబట్టి చేరేటప్పుడే అడగండి: ఈ అడ్మిషన్‌లోనే చేస్తారా? ఆదివారం, పండగ రోజు కూడా థియేటర్, మత్తు డాక్టరు ఉంటారా? రక్తంలో బిలిరుబిన్ (కామెర్లు తెచ్చే పసుపు పదార్థం) పెరిగితే ముందు ఎంఆర్‌సీపీ (పైత్యనాళాన్ని చూపే ఎంఆర్ఐ స్కాన్) తీసి, నాళంలో రాయి కనిపిస్తే ఈఆర్‌సీపీతో (నోటి ద్వారా కెమెరా గొట్టం దింపి) తీయాలి. ఆ సౌకర్యం అక్కడే ఉందో, వేరేచోటికి పంపుతారో తెలుసుకోవాలి. క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మాత్ర వాడుతుంటే మొదటి మాటగా చెప్పాలి. ప్రభుత్వ పథకం కార్డుంటే అనుమతి సంగతి ఆరోగ్యమిత్రతో అదే రోజు తేల్చుకోండి. కాగితాల కోసం గంటలు పోకూడదు.

కీహోల్ ఆపరేషన్ అంటే పొట్టకు మామూలుగా నాలుగు చిన్న రంధ్రాలు. పిత్తాశయంలోకి వెళ్లేవి రెండే రెండు, పిత్తాశయపు నాళం ఒకటి, రక్తనాళం ఒకటి, అని స్పష్టంగా కనిపించాకే క్లిప్ వేయాలి. తొందరపడి పైత్యనాళాన్ని కోస్తే ఆ నష్టం జీవితాంతం వెంటాడుతుంది. కనిపించకపోతే పిత్తాశయాన్ని కొంతమేర తీసి ఆపేయడం, లేదా పొట్ట తెరవడం సరైన నిర్ణయమే. అది సర్జన్ చేతగానితనం కాదు. అలా మారితే బిల్లు ఎంత పెరుగుతుందో, తీసిన పిత్తాశయం బయాప్సీ ఖర్చు ప్యాకేజీలో ఉందో లేదో ముందే రాయించుకోవాలి.

డిశ్చార్జ్ కాగితంలో రాత్రి పూట పలికే ఫోన్ నంబరు లేని చోట మార్కులు తగ్గిస్తాం. ఇంటికెళ్లాక కడుపునొప్పి పెరిగినా, జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా పైత్యం కారుతోందేమోనని అనుమానించి ఆ రాత్రే చూపించాలి.